ఇంకో 1,457 యార్డులుంటే రికార్డు: బారీ శాండర్స్ కథ

(డెట్రాయిట్ శివార్లలో తెలుగువాళ్ళ ఆదివారం కార్యక్రమంలో ఒకావిడ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతోందా? ఆ, సరే. పిల్లలు కొంచెం ముందుకొచ్చి కూర్చోండమ్మా, అక్కడ ఖాళీ ఉంది.

నన్ను లయన్స్ గురించి, అదే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే మన డెట్రాయిట్ టీమ్ గురించి మాట్లాడమన్నారు. ఇప్పుడు మనవాళ్ళందరూ లయన్స్ ఫ్యాన్సే, నోవైలో చూసినా ట్రాయ్‌లో చూసినా కార్లకి ఆ నీలం జెండాలే, సండే వస్తే భోజనాలకి పిలవాలన్నా మ్యాచ్ టైమ్ చూసుకుని పిలవాల్సిన పరిస్థితి. కానీ ఇక్కడ ఇరవై పాతికేళ్ళుగా ఉంటున్న వాళ్ళని అడగండి, అప్పుడు లయన్స్ అంటే ఆఫీసుల్లో జోకు. 2008లో పదహారుకి పదహారు మ్యాచులూ ఓడిపోయారండి, ఒక్కటి కూడా గెలవలేదు. అలాంటి టీమ్‌లో అంతకు పదేళ్ళ ముందు ఒకడు ఆడాడు, ఇరవై నంబరు జెర్సీ, పేరు బారీ శాండర్స్. ఈరోజు టీమ్ గురించి కాదు, ఆయన గురించి చెప్తాను. ఎందుకంటే ఆయన కెరీర్ మొత్తం మీద మా ఆఫీసులో ఇప్పటికీ గొడవే. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, మిచిగాన్‌లోనే పుట్టి పెరిగినవాడు, బారీ పేరెత్తితే ముందు ముఖం వెలిగిపోతుంది, వెంటనే కోపం వస్తుంది. రెండూ ఒకే నిమిషంలో. ఆ కోపం ఎందుకో తెలుసుకుందామనే నేను ఇదంతా చదవడం, పాత మ్యాచులు చూడటం మొదలుపెట్టాను.

ఆట తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. నాలుగు ఛాన్సుల్లో పది యార్డులు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు ఇస్తారు, వెళ్ళకపోతే బంతి అవతలి వాళ్ళకి. అంతే, మిగతా రూల్స్ మీ పిల్లల్ని అడగండి, నాకంటే వాళ్ళే బాగా చెప్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరొచ్చు, లేదంటే వెనకాల నిలబడ్డ వాడి చేతిలో పెట్టొచ్చు. ఆ పెట్టించుకుని పరిగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. ముందు మన లైన్‌మెన్ ఐదుగురు, ఒక్కొక్కడూ నూట ముప్పై కిలోల పైమాటే, వాళ్ళు అవతలి వాళ్ళని తోసి ఒక సందు చేస్తారు, ఆ సందు అర సెకను ఉంటుంది, అందులోంచి దూరిపోవాలి. కబడ్డీ చూసినవాళ్ళకి బాగా అర్థమవుతుంది, రైడర్ గీత దాటి లోపలికెళ్ళాక ఏడుగురి మధ్య ఎలా మెలికలు తిరుగుతాడో అలా, కాకపోతే ఇక్కడ వెనక్కి రావడం ఉండదు, ముందుకే పోవాలి, పట్టుకునేవాళ్ళు పదకొండు మంది, వాళ్ళు పట్టుకోవడం కాదు, గుద్దేస్తారు. అందుకే ఈ పొజిషన్‌లో ఆడేవాళ్ళ కెరీర్లు చాలా చిన్నవి. మోకాలు, చీలమండ, తల, ఏదో ఒకటి పోతుంది. ముప్పై దాటిన రన్నింగ్ బ్యాక్ అంటే టీమ్‌లు కొత్త వాడిని వెతకడం మొదలుపెడతాయి.

ఇక మనవాడు. 1968లో కాన్సాస్‌లోని విచిటాలో పుట్టాడు, పదకొండు మంది పిల్లల్లో ఒకడు. తండ్రి విలియం ఇళ్ళ పైకప్పులు వేసే పని చేసేవాడు, వడ్రంగం కూడా. ఎండాకాలం సెలవల్లో కొడుకుల్ని పనికి తీసుకెళ్ళేవాడు, కాన్సాస్ ఎండలో కప్పు మీదెక్కి తారు వాసనలో పని చేస్తే తెలుస్తుంది కదా. తండ్రి నోరు పెద్దది, కొడుకు అసలు మాట్లాడడు. ఆ తండ్రికి ప్రపంచంలో గొప్ప రన్నింగ్ బ్యాక్ ఎవరయ్యా అంటే జిమ్ బ్రౌన్, సొంత కొడుకు రికార్డులు కొడుతున్నా సరే జిమ్ బ్రౌనే అనేవాడు. మన ఇళ్ళల్లో నాన్నలు గుర్తొస్తున్నారు కదా? (నవ్వులు)

హైస్కూల్లో బారీకి ఛాన్స్ రావడమే ఆలస్యం. పొట్టివాడు, పైగా అన్న బైరన్ అదే పొజిషన్‌లో ముందు నుంచీ ఉన్నాడు. ఆఖరి సంవత్సరంలో, అది కూడా సీజన్ మొదలై మూడు మ్యాచులు అయ్యాక మెయిన్ రన్నింగ్ బ్యాక్‌గా దింపారు. మిగిలిన ఏడు మ్యాచుల్లో 1,417 యార్డులు కొట్టాడు. అయినా పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలోడికి స్కాలర్‌షిప్ ఎందుకని. చివరికి ఓక్లహామా స్టేట్ తీసుకుంది. అక్కడ కూడా ముందు థర్మన్ థామస్ అని ఇంకో పెద్ద ఆటగాడు ఉన్నాడు, తర్వాత ఆయన కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఈ ఆటలో ఆల్‌టైమ్ గొప్పవాళ్ళ జాబితాకి, వెళ్ళాడు లెండి, సో రెండేళ్ళు ఆయన వెనక బెంచ్ మీద. కిక్ రిటర్న్స్, అంటే అవతలి వాళ్ళు తన్నిన బంతి పట్టుకుని పరిగెత్తడం, అది మాత్రం ఇచ్చేవాళ్ళు.

1988లో థర్మన్ వెళ్ళిపోయాడు, బంతి బారీ చేతికొచ్చింది. ఆ ఒక్క సీజన్ గురించి విడిగా ఒక గంట మాట్లాడొచ్చు. పదకొండు మ్యాచులు, 2,628 యార్డులు, పరిగెత్తి కొట్టిన టచ్‌డౌన్లే, అంటే బంతితో అవతలి వాళ్ళ చివరి గీత దాటడం, 37. మ్యాచ్‌కి సగటున 238 పైన. కాలేజీ లెవెల్‌లో ఒక సీజన్‌లో ఇన్ని యార్డులు ఆ తర్వాత ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు, అది కూడా ఇప్పుడు వాళ్ళు పదమూడు పద్నాలుగు మ్యాచులు ఆడుతున్నారు, సీజన్ అయ్యాక ఆడే బోల్ గేమ్ లెక్క కూడా కలుపుతున్నారు, అప్పుడు కలిపేవాళ్ళు కాదు. ఆ బోల్ గేమ్‌లో వయోమింగ్ మీద ఇంకో 222 యార్డులు, ఐదు టచ్‌డౌన్లు, నాలుగో క్వార్టర్‌లో మాత్రం బెంచ్ మీద కూర్చున్నాడు, చాల్లే అని. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కూర్చోవడం.

ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ ఆయనకే వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద అవార్డు లేదు. ప్రకటించే టైమ్‌కి ఈయన టోక్యోలో ఉన్నాడు, టెక్సస్ టెక్‌తో మ్యాచ్ అక్కడ పెట్టారు. వేరేవాడైతే అవార్డు హడావుడిలో ఉండేవాడు, ఈయన ఆ మ్యాచ్‌లో 332 యార్డులు పరిగెత్తాడు.

1989 డ్రాఫ్ట్, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేది. ఇది చెప్పకుండా ఉండలేను. మొదటి పిక్ ట్రాయ్ ఐక్‌మన్, డాలస్. రెండోది పక్కనున్న గ్రీన్ బే, వాళ్ళు మన మిచిగాన్ స్టేట్ నుంచే టోనీ మాండరిచ్ అనే లైన్‌మన్‌ని తీసుకున్నారు. మూడోది డెట్రాయిట్, బారీ. నాలుగు డెరిక్ థామస్, ఐదు డియోన్ శాండర్స్. ఈ ఐదుగురిలో నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు, లేనిది ఎవరో మీరే ఊహించుకోండి. గ్రీన్ బే వాళ్ళదీ డెట్రాయిట్‌దీ లీగ్‌లో ఒకే డివిజన్, ఒకే గ్రూపు, అంటే వదిలేసుకున్న వాడిని పదేళ్ళపాటు ఏడాదికి రెండుసార్లు వెంటపడి పట్టుకోవాల్సి వచ్చింది. (నవ్వులు)

కాంట్రాక్ట్ బేరాలతో ట్రైనింగ్ క్యాంప్ అంతా అయిపోయింది, సీజన్ మొదలయ్యే ముందు వచ్చి సంతకం పెట్టాడు. వచ్చిన డబ్బులో పదోవంతు విచిటాలో వాళ్ళ చర్చికి ఇచ్చేశాడు. సిల్వర్‌డోమ్‌లో మొదటి మ్యాచ్, రెండో హాఫ్‌లో దింపారు, ప్లేబుక్ కూడా సరిగ్గా చదవలేదు, మొదటిసారి బంతి ఇస్తే 18 యార్డులు. కోచ్ వేన్ ఫాంటెస్‌కి ఇంకేం కావాలి.

సిల్వర్‌డోమ్ అంటే పాంటియాక్‌లో ఉండేది, గాలి నింపిన పైకప్పు, ఎనభై వేల మంది పట్టేవాళ్ళు. మీలో కొంతమంది చూసే ఉంటారు. 2017లో కూల్చేద్దామని బాంబులు పెడితే మొదటి రోజు పేలాయి గానీ బిల్డింగ్ కదల్లేదు, మర్నాడు మళ్ళీ పేల్చాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ అమెజాన్ గోడౌన్. మన పిల్లలు కొందరు అక్కడే పని చేస్తున్నారు కూడా.

సరే, ఆ మొదటి సీజన్ ఆఖరి మ్యాచ్‌కి వద్దాం. అట్లాంటాలో. నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్న దానికి రెండో ముక్క ఇది. ఆ సంవత్సరం లీగ్ మొత్తంలో ఎక్కువ యార్డులు కొట్టినవాడికి రషింగ్ టైటిల్. కాన్సాస్ సిటీలో క్రిస్టియన్ ఒకోయె అని నైజీరియా నుంచి వచ్చిన బలవంతుడు, 1,480 దగ్గర ఆగాడు. మనవాడు 1,470. పది యార్డులే తేడా! మ్యాచ్ చివర్లో డెట్రాయిట్ గెలుస్తోంది, బారీ పక్కన నిలబడి ఉన్నాడు. కోచ్ వచ్చి ఇంకో పది కొడితే టైటిల్ నీదేనయ్యా, వెళ్తావా అని అడిగాడు. వెళ్ళనన్నాడు. మ్యాచ్ గెలిచేశాం కదా, ఇంకెందుకు అన్నట్టు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, మొదటి సంవత్సరం, లీగ్‌లో నంబర్ వన్ అనే పేరు పది యార్డుల దూరంలో ఉంటే హెల్మెట్ పెట్టుకోలేదు. నాకు బారీ కెరీర్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద ప్లే అదే, పరిగెత్తని ప్లే.

అలాగని ఆయనకి పోటీతత్వం లేదనుకోకండి. 1996లో ఆఖరి మ్యాచ్ శాన్ ఫ్రాన్సిస్కోలో మండే నైట్, 175 యార్డులు కొట్టి టెరెల్ డేవిస్‌ని పదిహేను యార్డుల తేడాతో దాటి టైటిల్ పట్టుకుపోయాడు. ఆడే మ్యాచ్‌లో వస్తే తీసుకుంటాడు, దాని కోసం విడిగా వెళ్ళడు. అంతే.

ఇక ఆయన ఎలా పరిగెత్తేవాడో మాటల్లో చెప్పడం కష్టం, ఇంటికెళ్ళి యూట్యూబ్‌లో చూడండి, నేను ఒక రెండు చెప్తాను. 1994లో న్యూ ఇంగ్లండ్ మీద మ్యాచ్. సందులోంచి బయటపడ్డాడు, ఎదురుగా ఒకే ఒక్క డిఫెండర్, హార్లన్ బార్నెట్. మామూలుగా అయితే అక్కడ అయిపోవాలి. బారీ ఎడమకి ఒక అడుగు, కుడికి ఒక అడుగు వేశాడు, ఆ బార్నెట్ పాపం తన చుట్టూ తానే తిరిగిపోయాడు, బారీ అటు వెళ్తే బార్నెట్ ముఖం ఇటు ఉంది. చెయ్యి కూడా తగల్లేదు. వెనక్కి వెనక్కి పెట్టి పెట్టి చూశాను, కాళ్ళు నేలకి ఆనిన చోట ఆగడం, మళ్ళీ లేవడం మధ్య అసలు గ్యాపే కనిపించదు. తొడలు చూస్తే చెట్టు మొదళ్ళలా... సారీ, పెద్దవాళ్ళున్నారు. (నవ్వులు) 92 కిలోలు, ఆ ఎత్తుకి. గుండ్రటి రాయిలా కిందకి ఉంటాడు, పట్టుకోవడానికి భుజం దొరకదు.

టచ్‌డౌన్ కొట్టాక ఏం చేసేవాడు? డాన్సుల్లేవు, బంతి నేలకేసి కొట్టడం లేదు. రెఫరీ ఎక్కడున్నాడో చూసి ఆయన చేతిలో బంతి పెట్టి బెంచ్ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. పదేళ్ళూ అంతే.

ఆయన్ని విమర్శించే వాళ్ళు ఒక మాట అంటారు, అది కూడా చెప్పాలి కదా. ఆయన ఖాయంగా వచ్చే రెండు యార్డులు వదిలేసి నలభై యార్డుల కోసం వెనక్కి తిరిగేవాడని, దాంతో చాలాసార్లు మైనస్‌లో పడేవాడని. నిజమే, లీగ్ చరిత్రలో వెనక్కి పోయిన యార్డులు లెక్కేస్తే ఈయన పేరు బాగా పైన ఉంటుంది. కానీ ముందు నుంచీ ఆయనకి ఇచ్చిన సెటప్ ఏంటో చూడండి. మొదట్లో లయన్స్ ఆడింది రన్ అండ్ షూట్ అనే పద్ధతి, నలుగురు రిసీవర్లు పక్కలకి పోతారు, ముందు దారి చేసే ఫుల్‌బ్యాక్ ఉండడు. అంటే ఈయనొక్కడే, ముందు ఐదుగురు లైన్‌మెన్. బంతి చేతిలో పడేసరికే ఇద్దరు వచ్చేసి ఉంటారు. వాళ్ళని తప్పించుకోవడానికి వెనక్కి తిరగక ఏం చేస్తాడు మరి? నాకైతే ఆ విమర్శ సగమే నిజం అనిపిస్తుంది. అంత చేసీ కెరీర్ సగటు బంతికి 5.0 యార్డులు.

1991 వచ్చింది. లయన్స్‌కి మంచి రోజులు. నవంబర్‌లో మైక్ యట్లీ అనే లైన్‌మన్ మెడ విరిగి పక్షవాతం వచ్చింది, స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే బొటనవేలు పైకెత్తి చూపించాడు, టీమ్ మొత్తం దాన్నే పట్టుకుని ఆ తర్వాత రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 12 గెలుపులు, 4 ఓటములు. 1992 జనవరి 5న సిల్వర్‌డోమ్‌లో ప్లేఆఫ్, అంటే సీజన్ తర్వాత నాకౌట్ మ్యాచ్, డాలస్ కౌబాయ్స్‌తో. 38-6. చివర్లో బారీ ఒక పరుగు, లైన్‌లోకి దూరాడు, కౌబాయ్స్ అందరూ మీద పడ్డారు, టీవీలో చూస్తే అయిపోయింది ప్లే అనిపిస్తుంది, కామెంటేటర్లు కూడా అదే అనుకుంటున్నారు, ఆ గుంపులోంచి ఈయన ఒక్కడే ఇవతలికి వచ్చి 47 యార్డులు, టచ్‌డౌన్. వాళ్ళు ఇంకా ఒకళ్ళనొకళ్ళు పట్టుకునే ఉన్నారు.

తర్వాత వారం వాషింగ్టన్‌లో 41-10తో చిత్తుగా ఓడిపోయారు. ఇప్పుడు ఆలోచించండి, ఆ రోజు ఓడిపోయిన డాలస్ తర్వాతి నాలుగేళ్ళలో మూడు సూపర్ బోల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచింది. గెలిచిన డెట్రాయిట్? బారీ ఉన్నన్నాళ్ళూ ఇంకో ప్లేఆఫ్ మ్యాచ్ గెలవలేదు. పదేళ్ళలో ఒక్క గెలుపు, ఐదు ఓటములు. అందులో ఒకటి 1994 సీజన్ చివర్లో గ్రీన్ బేలో, ఆ ఏడాది 1,883 యార్డులు కొట్టినవాడిని 13 సార్లు బంతి ఇస్తే మొత్తం మైనస్ ఒకటి దగ్గర ఆపేశారు. మైనస్ ఒకటి! మాండరిచ్‌ని ఎంచుకున్న పాపం ఆ రోజుతో కడుక్కున్నారు గ్రీన్ బే వాళ్ళు.

ఓడిపోవడం ఒకెత్తు, మనుషులు వెళ్ళిపోవడం ఇంకోటి. ఆయనకి ఏళ్ళ తరబడి ముందు నిలబడి దెబ్బలు కాసిన లోమస్ బ్రౌన్‌ని వదిలేశారు, క్రిస్ స్పీల్‌మన్ వెళ్ళిపోయాడు, 1997 తర్వాత సెంటర్ కెవిన్ గ్లోవర్ కూడా పోయాడు. ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకి తెలుసు, మీ టీమ్‌లో మంచోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, మేనేజ్‌మెంట్ పట్టనట్టు ఉంటే, మీకు జీతం ఎంత పెంచినా పొద్దున్నే లేవబుద్ధి కాదు.

కానీ 1997 మాత్రం అబ్బ, ఏం సంవత్సరం అండి అది. కొత్త కోచ్ బాబీ రాస్ వచ్చాడు, ముందు దారి చేయడానికి ఫుల్‌బ్యాక్‌ని తెచ్చారు. మొదటి రెండు మ్యాచులు కలిపి 53 యార్డులు, పేపర్లన్నీ అయిపోయాడు బారీ అని రాశాయి. ఆ తర్వాత వరసగా పద్నాలుగు మ్యాచులు, ప్రతి దాంట్లో వంద పైన. పద్నాలుగు వరసగా! టాంపాలో ఒకే మ్యాచ్‌లో 80 ఒకటి, 82 ఒకటి, రెండు టచ్‌డౌన్లు. థాంక్స్‌గివింగ్ రోజు, ఇక్కడ ఆ రోజు లయన్స్ మ్యాచ్ లేకుండా టర్కీ ముట్టరు కదా, షికాగో మీద 167 కొట్టి ఎరిక్ డికర్సన్‌ని దాటి మొత్తం కెరీర్ యార్డుల లెక్కలో ఆల్‌టైమ్ రెండో స్థానానికి వచ్చాడు. ఇంక పైన ఒక్కడే, వాల్టర్ పేటన్, 16,726.

ఆఖరి మ్యాచ్ న్యూయార్క్ జెట్స్‌తో, గెలిస్తేనే ప్లేఆఫ్స్. రెండు వేలకి 131 కావాలి, 184 కొట్టాడు, మొత్తం 2,053. అప్పటికి ఒక సీజన్‌లో రెండు వేలు దాటిన మూడోవాడు. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్‌తో కలిసి ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్‌లో బెస్ట్ ఆటగాడి అవార్డు. కానీ అదే మ్యాచ్‌లో రెజ్జీ బ్రౌన్ అనే కుర్రాడు, లైన్‌బ్యాకర్, మెడ దగ్గర దెబ్బ తగిలి ఊపిరి ఆగిపోయింది, గ్రౌండ్ మీదే సీపీఆర్ చేసి బతికించారు, ఆ కుర్రాడు మళ్ళీ ఆడలేదు. అంత పెద్ద రికార్డు రోజున ఎవరూ సరిగ్గా పండగ చేసుకోలేదు. ఆరేళ్ళలో ఇద్దరు టీమ్‌మేట్స్‌ని అలా నేల మీద చూశాడు ఆ మనిషి. దీని గురించి ఆయన పెద్దగా మాట్లాడింది లేదు, కానీ రిటైర్మెంట్ గురించి వాదించేవాళ్ళు ఎవరూ ఈ సంగతి ఎత్తరు, అదే నాకు ఆశ్చర్యం.

1998లో టీమ్ 5 గెలిచి 11 ఓడింది. ఆయనకి 1,491 యార్డులు, ఆయన లెక్కలో అది డల్ సీజన్. ఆఖరి మ్యాచ్ బాల్టిమోర్‌లో 41 యార్డులు. మొత్తం కెరీర్ 15,269. పేటన్ రికార్డుకి 1,457 తక్కువ. ముప్పై ఏళ్ళు, పెద్ద గాయాలు లేవు, పదికి పది సీజన్లూ ప్రో బోల్‌కి, అంటే లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి, ఎంపిక. అంటే ఇంకో డల్ సీజన్ ఆడినా ఆల్‌టైమ్ నంబర్ వన్.

1999 జులై ఆఖరి వారం, ట్రైనింగ్ క్యాంప్ మొదలవబోతోంది. అప్పుడు విచిటా ఈగల్ అని సొంతూరి పేపర్ ఆఫీసుకి ఒక ఫ్యాక్స్ వెళ్ళింది. పిల్లలకి ఫ్యాక్స్ అంటే ఏంటో ఇంటికెళ్ళాక చెప్పండి. (నవ్వులు) అందులో సారాంశం ఏంటంటే, ఆడాలనే కోరిక కంటే మానేయాలనే కోరిక ఎక్కువైంది, అందుకే రిటైర్ అవుతున్నా అని. ప్రెస్ మీట్ లేదు, కన్నీళ్ళు లేవు. ఆయనేమో ఫ్లైట్ ఎక్కి లండన్ వెళ్ళిపోయాడు.

డెట్రాయిట్ భగ్గుమంది. మా ఆఫీస్ పెద్దాయన కోపం అక్కడిదే. కోచ్ బాబీ రాస్ అంతకు ముందు నుంచీ ఫోన్లు చేస్తున్నాడు, ఉత్తరాలు రాస్తున్నాడు, జవాబు లేదు. 1997లో కొత్త కాంట్రాక్ట్‌తో పాటు పదకొండు మిలియన్ల బోనస్ ఇచ్చారు, అందులో మిగిలిన ఏళ్ళ భాగం వెనక్కి ఇమ్మని టీమ్ పట్టుబట్టింది, నన్ను వేరే టీమ్‌కి పంపండి, ఇచ్చేస్తానని ఈయన, కుదరదని వాళ్ళు, చివరికి ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గర కొంత కట్టాలని తేలింది.

నా అభిప్రాయం అడిగితే, రెండు వేరు వేరు విషయాలు కలిపేస్తున్నారు జనం. మానేయడం ఆయన హక్కు. రికార్డు వదిలేశాడు, పిచ్చోడు అనేవాళ్ళు 1989 అట్లాంటా మ్యాచ్ చూడలేదు. పది యార్డులు వద్దన్న వాడికి 1,457 ఎందుకు కావాలి? ఆయన అప్పుడూ మారలేదు, తర్వాతా మారలేదు, మనమే మారతాడని అనుకున్నాం. కానీ చెప్పిన పద్ధతి మాత్రం తప్పే. క్యాంప్ మొదలయ్యే ముందు రోజు చెప్తే ఆ కోచ్ ఏం చేస్తాడు, ఆ టీమ్‌మేట్స్ ఏం చేస్తారు? మార్చిలో చెప్పి ఉంటే డ్రాఫ్ట్‌లో ఒకడిని తీసుకునేవాళ్ళు. మాట్లాడటం ఇష్టం లేని మనిషి సరే, ఒక ఫోన్ ఎత్తొచ్చు కదా. ఇందులో ఆయన్ని వెనకేసుకురాను నేను.

విచిత్రం ఏంటంటే ఆయన లేకుండా ఆ 1999లో లయన్స్ 8-8తో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు! ఆ తర్వాత పదేళ్ళు పైనే అటు దిక్కు చూడలేదు లెండి. పేటన్ అదే ఏడాది నవంబర్‌లో చనిపోయాడు, లివర్ జబ్బు, 45 ఏళ్ళే. ఆ రికార్డుని 2002లో డాలస్ ఎమ్మిట్ స్మిత్ దాటాడు.

2004లో హాల్ ఆఫ్ ఫేమ్. కాంటన్‌లో, మన మిచిగాన్ కాంటన్ కాదండీ, ఒహాయోలో కాంటన్. ఆయన్ని పరిచయం చేసింది తండ్రి విలియమే. 2023 సెప్టెంబర్‌లో లయన్స్ ఇప్పటి స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట ఆయన విగ్రహం పెట్టారు. 2024 జనవరిలో లయన్స్ రామ్స్ మీద 24-23తో గెలిచారు కదా, ఇక్కడ సగం మంది గొంతులు పోయాయి ఆ రోజు, డాలస్‌ని కొట్టిన 1992 మ్యాచ్ తర్వాత ప్లేఆఫ్ గెలుపు మళ్ళీ అదే. ముప్పై రెండేళ్ళు. మధ్యలో కాల్విన్ జాన్సన్ అనే ఇంకో అద్భుతమైన ఆటగాడు కూడా ముప్పై ఏళ్ళకే మానేశాడు, ఆయన దగ్గర కూడా బోనస్ కొంత వెనక్కి తీసుకున్నారు. అంటే ఒకసారి నేర్చుకోని వాళ్ళు... సరే, ఆపేస్తా, ప్రశ్నలకి టైమ్ అయింది.

ఆ బాబూ, నువ్వు, గిబ్స్ జెర్సీ.

(ఒక అబ్బాయి: ఆంటీ, ఎమ్మిట్ స్మిత్ గొప్పా, బారీ గొప్పా?)

డెట్రాయిట్‌లో నిలబెట్టి అడుగుతున్నావా? (నవ్వులు) లెక్క చెప్తా, నువ్వే తేల్చుకో. ఎమ్మిట్ 18,355, బారీ కంటే మూడు వేల పైన ఎక్కువ. కానీ బంతి తీసుకున్నది 4,409 సార్లు, బారీ 3,062 సార్లు. ఎమ్మిట్ పదిహేను సీజన్లు ఆడాడు, ముందు లీగ్‌లోనే బెస్ట్ లైన్ ఉంది, పక్కన క్వార్టర్‌బ్యాక్‌గా ఐక్‌మన్ ఉన్నాడు. అయితే అన్నేళ్ళు నిలబడటం కూడా చిన్న విషయం కాదు, భుజం తప్పినా ఆడి గెలిపించిన మ్యాచ్ ఉంది ఎమ్మిట్‌ది. మూడో క్వార్టర్‌లో రెండు యార్డులు కచ్చితంగా కావాలంటే నేను ఎమ్మిట్‌కి ఇస్తా. టికెట్ కొనుక్కుని చూడాలంటే బారీ.

(వెనక నుంచి ఒకాయన: అక్కా, ఇప్పటి రన్నింగ్ బ్యాక్‌లకి డబ్బులు సరిగ్గా ఇవ్వట్లేదంటారు, నిజమేనా?)

నిజమే అన్నా. ఇప్పుడు ఆటంతా పాసింగ్ కదా, క్వార్టర్‌బ్యాక్‌లకి ఏడాదికి యాభై, అరవై మిలియన్లు, వీళ్ళకి అందులో మూడో వంతు వస్తే గొప్ప. కుర్రాడిగా ఉన్నప్పుడు తక్కువ జీతానికి బాగా వాడతారు, కాంట్రాక్ట్ అయ్యే టైమ్‌కి ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఒకటి వేసి ఇంకో ఏడాది లాగుతారు, అప్పటికి వయసు అయిపోయిందంటారు. పిట్స్‌బర్గ్‌లో లేవియన్ బెల్ అయితే దీని మీద పట్టుదలకి పోయి 2018 సీజన్ మొత్తం ఆడలేదు, తర్వాత ఎప్పుడూ ఆ ఫామ్ రాలేదు పాపం. సేక్వాన్ బార్క్‌లీని చూడండి, న్యూయార్క్ జయంట్స్ వదిలేస్తే ఫిలడెల్ఫియా వెళ్ళి 2024లో 2,005 కొట్టాడు, సూపర్ బోల్ గెలిచారు, తర్వాత రెండేళ్ళకి 41 మిలియన్ల పైన ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు.

ఆ, బార్క్‌లీ అంటే గుర్తొచ్చింది. 1984లో డికర్సన్ కొట్టిన 2,105 సీజన్ రికార్డుకి అతనికి ఇంకో 101 కావాలి, ఒక మ్యాచ్ మిగిలే ఉంది. ప్లేఆఫ్స్ ముందు దెబ్బ తగులుతుందేమోనని కోచ్ ఆ మ్యాచ్‌లో ఆడించలేదు, బార్క్‌లీ కూడా గొడవ చెయ్యలేదు. మర్నాడు మా ఆఫీసు పెద్దాయన నా డెస్క్ దగ్గరికి వచ్చి, వీడిని అందరూ మెచ్చుకుంటున్నారు చూశావా, మావాడు చేస్తే మాత్రం నేను పాతికేళ్ళు తిట్టాను అన్నాడు. తిట్టడం మానేస్తారా మరి అని అడిగితే, ఫోన్ అయినా చెయ్యాల్సింది కదా అన్నాడు. అది మాత్రం నేనూ ఒప్పుకున్నా.

ఇంకెవరికైనా... లేదా? భోజనాలు రెడీ అని సైగ చేస్తున్నారు, పిల్లల్ని ముందు పంపించండి. థాంక్యూ అండి.